మాల పిల్లాడిది, మైకు నాయకుడిది

కార్తీకమాసం వచ్చిందంటే మన ఊళ్ల బడుల్లో ఓ ముచ్చట చూడొచ్చు. యూనిఫాంల వరసలో ఒకటో రెండో నల్లచొక్కాలు కనిపిస్తాయి. మెడలో మాల, నుదుట విభూతి, కాళ్లకు చెప్పులుండవు. నిన్నటిదాకా 'ఒరేయ్' అని పిలిచిన సారే ఆ నలభై ఒక్క రోజులూ 'స్వామీ' అంటాడు. 'హోంవర్క్ ఏది స్వామీ?' అని అడిగితే స్వామి నేలచూపులు చూస్తాడు. వెనక బెంచీలో కిసుక్కుమని నవ్వు. శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరు ముగ్గురు పిల్లలు సారుకు చెప్పి నమాజుకు వెళ్లొస్తారు. దసరా సెలవుల ముందు బడి ఆవరణలో బతుకమ్మ ఆడితే, తంగేడుపూలు తెచ్చింది ఏ ఇంటి పిల్ల అని ఎవరూ లెక్క తీయరు.

అసలు చదువు మొదలయ్యేదే దేవుడి పేరుతో. కొందరు బాసర వెళ్లి అక్షరాభ్యాసం చేయిస్తారు. ముస్లిం ఇళ్లలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండితే 'బిస్మిల్లా' చేస్తారు. మనం 'ఓనమాలు' అంటామే, ఆ మాట పుట్టింది 'ఓం నమః' నుంచి. ఈ రోజు అన్ని మతాల పిల్లలూ ఓనమాలే దిద్దుతున్నారు. ఎవరి మతమూ చెడలేదు.

కాబట్టి పిల్లాడు తన ఇంటి నమ్మకాన్ని వెంటబెట్టుకుని బడికి రావడం కొత్త కాదు, ప్రమాదమూ కాదు. ఆ నమ్మకం మీద ఓ నాయకుడి కన్ను పడిన రోజునే చిక్కు మొదలవుతుంది.

సదాశివనగర్‌నే తీసుకోండి. కామారెడ్డి నుంచి నిజామాబాదు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. జిల్లా కామారెడ్డి, అసెంబ్లీ ఓటు ఎల్లారెడ్డికి, పార్లమెంటు ఓటు జహీరాబాదుకు. అంటే మూడు దిక్కుల నుంచీ నాయకులు వచ్చే చోటన్నమాట. ఇలాంటి ఊళ్లలో నాయకులు ఏం చేస్తారో మీకు తెలియనిది కాదు. వినాయక మండపానికి చందా ఇస్తారు, ఇఫ్తారులో టోపీ పెట్టుకుంటారు, క్రిస్మస్‌కు కేకు కోస్తారు. ఫ్లెక్సీలో దేవుడి బొమ్మకంటే తమ బొమ్మ ఓ పిసరు పెద్దదే వేయించుకుంటారు. మనం చూసీ చూడనట్టు పోతాం. పెద్దవాళ్లం, ఓటెవరికి వేయాలో మనకు తెలుసు. బడి అలా కాదు. అక్కడున్నది ఓటు లేనివాళ్లు. వాళ్ల పేరు చెప్పి మన ఓటు అడుగుతారు.

మన గడ్డ మీదే జరిగిన పాత కథ ఒకటుంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థులు ప్రార్థనగా వందేమాతరం పాడుకునేవారు. అది ప్రార్థన కాదు, రాజకీయం అంటూ నిజాం సర్కారు వారు నిషేధించారు. పిల్లలు సమ్మె చేశారు. వందలమందికి చదువు పోయింది. వారిలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. అలా రాష్ట్రం దాటి వెళ్లి చదువుకున్నవారిలో పి.వి.నరసింహారావు ఒకరు. పాట కోసం జైలుకెళ్లిన రామచంద్రరావుకు 'వందేమాతరం' ఇంటిపేరే అయింది.

అది రాజుల కాలం, ప్రజాస్వామ్యంలో అలా జరగదులే అంటారా? ఇంకో కథ వినండి. 1985, కేరళ. ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు ఒక బడిలో చదువుతున్నారు. వాళ్లు యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవారు. అసెంబ్లీలో జనగణమన పాడేటప్పుడు బుద్ధిగా లేచి నిలబడతారు, కానీ పాడరు. తమ దేవుణ్ని తప్ప దేన్నీ కీర్తించకూడదన్నది వాళ్ల విశ్వాసం. వాళ్ల అక్కలూ అదే బడిలో అలాగే నిలబడి చదువుకుని వెళ్లారు. ఏ టీచరుకూ అది తప్పనిపించలేదు.

ఆ ఏడు జులైలో ఓ ఎమ్మెల్యే గారి దృష్టి వాళ్ల మీద పడింది. అసెంబ్లీలో ప్రశ్న వేశారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. పిల్లలు మంచివాళ్లు, జాతీయగీతాన్ని అగౌరవపరచలేదు అని ఆ సంఘమే చెప్పింది. అయినా పైఅధికారి ఆదేశంతో హెడ్‌మిస్ట్రెస్ జులై 26న ముగ్గురినీ బడి నుంచి తీసేసింది. తండ్రి వెళ్లి బతిమాలితే, నా చేతుల్లో లేదన్నది. అన్నేళ్లు లేని తప్పు ఆ ఒక్క నెలలో ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లలు మారలేదు, పాట మారలేదు. చూసే కన్ను మారింది.

హైకోర్టులో ఓడి ఆ తండ్రి సుప్రీంకోర్టుకెళ్లాడు. 1986 ఆగస్టు 11న తీర్పు చెప్పిన ధర్మాసనానికి నాయకత్వం వహించింది మన అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు, గౌరవంగా నిలబడితే చాలు, పిల్లల్ని తిరిగి చేర్చుకోండి అన్నారు. సహనం మన సంప్రదాయంలోనే ఉంది, దాన్ని పలుచన చేసుకోవద్దని హితవు చెప్పారు. తీర్పు మంచిదే. అప్పటికి ఏడాది దాటిపోయింది.

చూశారా, ఉస్మానియాలో పాడినందుకు చదువు పోయింది, కేరళలో పాడనందుకు పోయింది. మతాలు వేరు, ప్రభుత్వాలు వేరు. నష్టపోయింది మాత్రం రెండుచోట్లా పిల్లలే.

కొత్త కథలకూ కొదవలేదు. 2022 మొదట్లో ఉడుపి కాలేజీలో హిజాబు గొడవ రాజుకుంది. ఒకవైపు హిజాబులు, ఇంకోవైపు కాషాయ కండువాలు. కర్ణాటక అంతటా కొన్ని రోజులు కాలేజీలు మూసేశారు. కొందరు ఆడపిల్లలు పరీక్షలే వదులుకున్నారు. ఆ అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ ఇచ్చారు. మన దగ్గర 2024 ఏప్రిల్‌లో, మంచిర్యాల జిల్లాలోని ఒక మిషనరీ స్కూల్లో పిల్లలు హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చిన విషయం మీద మాట పెరిగింది. ప్రిన్సిపాలూ తల్లిదండ్రులూ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి ఫోన్లకెక్కింది. గుంపు వచ్చింది, అద్దాలు పగిలాయి, పోలీసు కేసులయ్యాయి.

మరి చట్టం ఏమంటోంది? రాజ్యాంగం 28వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న ప్రైవేటు బడిలోనైనా, మతబోధకో ప్రార్థనకో హాజరు కావాలని ఎవర్నీ బలవంతపెట్టకూడదు. పిల్లలైతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. గమనించండి, ఒప్పుకోవాల్సింది తల్లిదండ్రులు. సర్పంచి కాదు, ఎమ్మెల్యే కాదు, సంఘం అధ్యక్షుడు కాదు.

1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో దీనిమీద చర్చ జరిగినప్పుడు అంబేడ్కర్ చెప్పిన కారణాలు నేటికీ పాతబడలేదు. అందరూ కట్టిన పన్నును ఒక మతం బోధనకు ఎలా ఖర్చు చేస్తాం? ఇన్ని మతాలున్న దేశంలో బడి దేనిని బోధిస్తుంది? నాదే సత్యం అని ఎవరికి వారు అంటే బడిలో ప్రశాంతత ఉంటుందా? అలాగని మతాల గురించి తెలుసుకోవడమే తప్పని కాదు. అన్ని మతాల గురించి పాఠాల్లో చెప్పడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. పక్కింటివాడి పండుగ ఏమిటో తెలిస్తే పిల్లాడికి మంచిదే. తెలియజెప్పడం చదువు, చేయించడం పూజారి పని.

'అయితే బడికి క్రమశిక్షణ అక్కర్లేదా?' అంటారు కొందరు. తప్పకుండా కావాలి. ఆ రూలు ఏదో జూన్‌లో అడ్మిషన్ రోజునే తల్లిదండ్రులకు చెప్పాలి. అందరికీ ఒకటే ఉండాలి. ఒకరి మాలకు సరేనన్న పెద్దసారు ఇంకొకరి స్కార్ఫుకు కాదంటే, ఆ రూలుకు విలువ పోతుంది. అభ్యంతరం ఉంటే పిల్లాణ్ని క్లాసులో నిలబెట్టి అడగకూడదు. ఇంటికి కబురు పెట్టాలి. పిల్లాడికి అవమానం జరిగితేనే బయటివాళ్లకు సందు దొరుకుతుంది.

తల్లిదండ్రులకూ ఓ మాట. బడిలో ఏదైనా నచ్చకపోతే ముందు మీరే వెళ్లండి, మీ కాళ్ల మీద నడిచి వెళ్లండి. పెద్దసారు గదిలో పావుగంట కూర్చుంటే తెగని పంచాయితీ చాలా తక్కువ. వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టారంటే అది మీ చేయి దాటినట్టే. ఆ తర్వాత అది మీ పిల్లాడి సంగతి కాదు, ఎవరిదో ఎన్నికల సంగతి. గొడవ సద్దుమణిగాక వాళ్లు ఇంకో ఊరికి పోతారు. మీ పిల్లాడు మాత్రం మర్నాడు పొద్దున అదే క్లాసులో, అదే బెంచీ మీద, నిన్న పక్కన కూర్చున్నవాడితోనే కూర్చోవాలి.

అందుకే, ఎవరైనా కండువా సర్దుకుంటూ మీ గడపలోకొచ్చి 'మీ పిల్లగాని కోసం నేను కొట్లాడుత' అంటే, కుర్చీ వేసి చాయ్ ఇవ్వండి. ఇచ్చి నిమ్మళంగా చెప్పండి: "మా పిల్లగాని దేవుని సంగతి మేం చూసుకుంటం సారూ. బడిల లెక్కల సారు పోస్టు ఖాళీ ఉన్నది, ఆ సంగతి మీరు చూడుండ్రి."