నవ్వును తూచే తరాజు ఎవరి చేతుల ఉన్నది?

పిట్టల దొర తన ఆట మీద ఏ పత్రికల సమీక్ష చూసుకోలే. చినిగిన ఖాకీ కోటు, నెత్తి మీద టోపీ, భుజం మీద కట్టె తుపాకి. లత్కోర్ సాబ్ అన్నా, తుపాకి రాముడన్నా మనిషి ఒక్కడే. లేని బంగ్లాలు, లేని భూములు, లేని నౌకర్లను లెక్కవెట్టి చెప్పుకుంట, అసలు తుపాకి పట్టిన దొరను నడివాకిట్ల నవ్వులపాలు చేసేటోడు. ఇయ్యాల హైదరాబాద్ ఆడిటోరియాలల్ల ఒక్కడే మైకు పట్టుకొని నిలవడి నవ్విస్తే స్టాండప్ కామెడీ అంటున్నరు. టికెట్టు కొని చూస్తున్నరు. ఆ పని మన పల్లెల్ల టికెట్టు లేకుంటనే పిట్టల దొర చేసిండు.

ఆయన మన్ననూర్ బస్టాండు కాడ నిలవడ్డా, అచ్చంపేట అంగడిల నిలవడ్డా, తీర్పు చెప్పేటోళ్లు ముందలనే కూసుంటరు. మాట పండితే చాటెడు గింజలు. పండకుంటే ఇంకో వాకిలి. ఆ తీర్పుల మోసం లేదు. కానీ అది ఆ పూటకే చెల్లుతది. ఆ మాట ఎందుకు పండింది? ఆ నవ్వుల దొర మీద ఎంత కోపం దాగున్నది? అదే మాటను తర్వాతి తరం ఎట్ల నేర్చుకోవాలె? ఇవి చెప్పేటానికి ఇంకో మనిషి కావాలె. ఆ మనిషే విమర్శకుడు.

మనకు లేంది ఆ మనిషే. అవధానం మీద పుటలకు పుటలు రాసిండ్రు. పద్యనాటకం మీద రాసిండ్రు. నవ్వించేటోని కాడికి వచ్చేసరికి కలాలు ఆగినయి. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి రాసిన 'తెలుగువారి జానపద కళారూపాలు' 1992ల తెలుగు విశ్వవిద్యాలయం అచ్చేసింది. ఎన్నో కళలతోపాటు పిట్టల దొరకు కూడా అందుల చోటు దొరికింది. అది మేలే. కానీ కళారూపం ఎట్లుంటదో వర్ణించుడు వేరు. ఫలానా కళాకారుడు ఫలానా సభల ఎట్ల ఆడిండు, ఎక్కడ గెలిచిండు, ఎక్కడ జారిండు అని బేరీజు వేసుడు వేరు. మొదటిది మ్యూజియం పని. రెండోది బతికున్న కళకు చేసే సేవ.

ఓరుగల్లు బిడ్డ నేరెళ్ల వేణుమాధవ్ (1932-2018) సంగతి చూడండి. మిమిక్రీని సభ మధ్యల నిలవెట్టినోడు. 2001ల పద్మశ్రీ అందుకున్నడు. ఆయన గురించి మనం రాసినయి సన్మాన పత్రాలే ఎక్కువ. ఒక గొంతును పట్టేటానికి ఆయన శ్వాసను ఎట్ల నిలిపేటోడు, ఎవరి గొంతుల ఏ బలహీనతను పట్టేటోడు అని విప్పి చెప్పిన రాతలెన్ని? శాలువా కప్పుడు విమర్శ కాదు.

ఇగ సినిమా సమీక్షల ముచ్చట. రౌడీకి మన యాస, పనిమనిషికి మన యాస, తాగుబోతుకు మన యాస. ఏండ్లకు ఏండ్లు గిదే నడిచింది. మరునాడు పేపర్ల సమీక్ష: కామెడీ బాగా పండింది, రెండు గంటలు కాలక్షేపం. ఎవరిని చూసి నవ్విండ్రు అని అడిగిన సమీక్షకుడు ఎంతమంది? సినిమాల అడవి మనిషి అంటే ఆకులు కట్టుకొని, అర్థం లేని కూతలు కూసే బొమ్మ. చెంచుల కోసం పెట్టిన ఐటీడీఏ ఆఫీసు ఉన్న మన్ననూర్ల, ఒక చెంచు పిల్లగాడు ఆ బొమ్మను టీవీల చూస్తే వానికేమనిపిస్తది? పక్కన కూసున్నోళ్లు నవ్వుతుంటే వాడు నవ్వాల్నా, తలకాయ దించుకోవాల్నా? స్టార్లు వేసే సమీక్షల ఆ పిల్లగాని ఊసు లేదు. యాసను ఎక్కిరించినోని తప్పు ఎంతనో, దాన్ని పండిన హాస్యమని రాసినోని తప్పు కూడా అంతనే.

కమెడియన్ల కాడ ఒక జవాబు ఎప్పుడూ తయారుగ ఉంటది. 'జనం నవ్విండ్రు గదా, ఇంకేం కావాలె? నవ్వించుడు చాతగానోళ్లే సమీక్షలు రాస్తరు.' వినేటానికి బాగనే ఉంటది. కానీ నవ్వు ఒక్కటే సాక్ష్యం కాదు. నల్లగున్న పిల్లను, నత్తి ఉన్నోన్ని, లావుగున్న మనిషిని ఎక్కిరిస్తే కూడా హాలు నవ్వుతది. 2013ల మొదలైన జబర్దస్త్ కార్యక్రమం ఎంతోమంది పేదింటి కళాకారులకు బువ్వ పెట్టింది. కాదనేది లేదు. ఆడవేషం కట్టిన మొగోన్ని కొట్టుడు, తిట్టుడు కూడా హాస్యమేనని ఇంటింటికి నేర్పింది కూడా అదే. ఈ రెండు ముచ్చట్లను ఒక్క వ్యాసంల, ఒకే నిజాయితీతోని చెప్పేటోడే విమర్శకుడు. ఒక్కటే చెప్పేటోడు భజనపరుడన్నా కావాలె, పగోడన్నా కావాలె.

నవ్వు తెల్వనోడు తూకమేస్తే ఏమైతదో న్యూయార్క్ కోర్టుల 1964ల కనవడ్డది. లెన్నీ బ్రూస్ అనే కమెడియన్ మీద అశ్లీలం కేసు పెట్టిండ్రు. లైసెన్సుల ఇన్‌స్పెక్టర్ ఒకడు ఆట చూసి నోట్సు రాసుకొని పోయి, కోర్టుల ఆ ముక్కలు అప్పజెప్పిండు. విరుపు లేదు, గొంతు లేదు, ముందు మాట లేదు, వెనుక మాట లేదు. మిగిలినయి బూతులే. వాడు చెడగొట్టి ఆడిన ఆటకు తాను జైలుకు పోవాల్నా అని బ్రూస్ మొత్తుకున్నడు. విమర్శకులు ఆయన దిక్కు సాక్ష్యం చెప్పినా కోర్టు వినలే, శిక్ష వేసింది. 1966ల ఆయన చచ్చిపోయిండు. 2003ల గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చిండు. చచ్చిన ముప్పై ఏడేండ్లకు! అదే బ్రూస్ మీద శాన్‌ఫ్రాన్సిస్కోల నడిచిన కేసుల, 1962ల, రాల్ఫ్ గ్లీసన్ అనే పత్రికా విమర్శకుడు బోనెక్కి ఆ ఆటల అర్థమేందో విప్పి చెప్పిండు. అక్కడి జ్యూరీ బ్రూస్‌ను వదిలేసింది. కష్టకాలంల కమెడియన్ పక్కన నిలవడేది చప్పట్లు కొట్టి ఇంటికి పొయ్యేటోడు కాదు, ఆటను సదివి అర్థం చేసుకున్నోడు.

మన దేశంల ఆ ఇన్‌స్పెక్టర్లకు కరువు లేదు. మునావర్ ఫారుఖీని 2021 జనవరి 1న ఇందోర్ల పట్టుకపోయిండ్రు. సుప్రీంకోర్టు బెయిలిచ్చేదాంక నెల దాటి జైల్ల ఉన్నడు. 2022 ఆగస్టు 20న హైదరాబాద్ శిల్పకళావేదికల ఆయన ఆట నడిచింది. ఆటను ఆపుతమన్నోళ్లు ఉన్నరు, బందోబస్తు పెట్టినోళ్లు ఉన్నరు. ఆ రెండు దిక్కుల లొల్లిల, ఆ మనిషి ఏం చెప్పిండు, ఎట్ల చెప్పిండు, హాస్యం నిలవడ్డదా లేదా అన్న అసలు ముచ్చట కొట్టుకపోయింది. సమీక్షకుడు ఉండాల్సిన జాగల పోలీసు, పార్టీ కూసుంటే గిట్లనే ఉంటది.

హైదరాబాద్ శ్రీశైలం తొవ్వల మన్ననూర్ చెక్‌పోస్టు అందరికి ఎరుకే. రాత్రి తొమ్మిదైతే గేటు పడ్తది, పొద్దుగాల ఆరుకు లేస్తది. బండ్లను ఆపుడు, విడిచిపెట్టుడు దాని పని. అది అడవిని కాపాడుతదేమో గని, అడవిని చూపెట్టది. అడవిని చూపెట్టాలంటే ఏ చెట్టు జిగురుకు పనికొస్తది, ఏ రాయి కింద తేనెపట్టున్నది తెలిసిన చెంచు మనిషి ముందల నడవాలె. మన సమీక్షకులల్ల గేటు కాడ కట్టె పట్టుకున్నోళ్లు ఎక్కువ, తొవ్వ చూపెట్టేటోళ్లు తక్కువ.

తొవ్వ చూపెట్టిన నమూనా మన నేల మీద లేకపోలే. 1962ల 'జిందా దిలానే హైదరాబాద్' పుట్టింది. దక్కనీ ఉర్దూల హాస్య ముషాయిరాలు నడిపింది. 1968ల ముస్తఫా కమాల్ 'శుగూఫా' అనే హాస్య పత్రిక మొదలువెట్టిండు. ముషాయిరాల నవ్వించినోని మాట అచ్చుల కూడా నిలవడ్డది. హాస్య రచయితల మీద ప్రత్యేక సంచికలే వచ్చినయి. నవ్వును తేలిక సరుకుగ చూడని సంప్రదాయం అది. తెలుగుల అసుంటి పత్రిక మనకేది?

ఇంకో ప్రశ్న కూడ దాచొద్దు. ఉద్యమకాలంల ధూంధాం వేదికల మీద నవ్వు మనకు ఆయుధం. 2014ల రాష్ట్రమొచ్చింది. సర్కారు తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి కళాకారులకు జీతాలిచ్చింది. కళాకారుని కడుపు నిండుడు మంచిదే. కానీ జీతం తీసుకునే పిట్టల దొర జీతమిచ్చేటోని మీద కట్టె తుపాకి ఎక్కుపెడ్తడా? ఎక్కుపెట్టకుంటే ఆయన చెప్పేది పథకాల ప్రచారమే గని హాస్యం కాదు. ఈ మాట ఆయన నోటితోని ఆయన అనలేడు. ఆయన పక్షాన విమర్శకుడు అనాలె. ఏ పార్టీ గద్దె మీదున్నా అనాలె.

అందుకే విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక మాట. ఉస్మానియాల, పాలమూరు యూనివర్సిటీల చదివే పిల్లలు కాలేజీ పండుగల మిమిక్రీ చూస్తరు. ఉద్యోగ సంఘాల సభల్ల హాస్యం లేకుంట పొద్దుపోదు. చూసి ఊకోకుండ్రి, రాయుండ్రి. స్టార్లు వేసుడు బందువెట్టి మూడు ప్రశ్నలు అడుగుండ్రి. ఆ నవ్వు ఎవరి మీద, గద్దె మీదున్నోని మీదనా, కింద పడ్డోని మీదనా? ఆ యాస ఆ కళాకారుని ఊపిరా, అద్దెకు తెచ్చిన ముసుగా? నిరుడు చెప్పిన జోకేనా, ఈ యేటి బతుకు అందుల ఏమన్న ఉన్నదా? కళాకారులు కూడా ఆ రాతను తిట్టుగ తీసుకోవద్దు. ముంగట కూసున్నోడు గింజలేస్తడు, పోతడు. మీ మాటను రేపటి తరానికి దాచిపెట్టేది రాసేటోడే.

దొరల తరాజును ఒప్పుకోనోళ్లం మనం. నవ్వు కాడ మాత్రం పరాయి తరాజును ఎందుకు ఒప్పుకోవాలె?