సబర్ కాదు, వక్త్ లూటీ

బచ్‌పన్ ఆటల్ని తిడితే దోస్తులకు గుస్సా వస్తది. అయినా చెప్తా. 1986లో జపాన్‌లో 'డ్రాగన్ క్వెస్ట్'గా వచ్చి, 1989లో అమెరికాలో 'డ్రాగన్ వారియర్' అయిన ఆటకు ఇంత తారీఫ్ ఎందుకో నాకు సమజ్ కాలేదు. ఖాలా కొడుకు చికాగో నుంచి తెచ్చిన పాత నింటెండోలో, ఈ ఎండాకాలం బంట్వారంలో రాత్రుళ్లు కూర్చుని ఆడిన.

ఏముంది అందులో? నాలుగడుగులేస్తే ఒక స్లైమ్. కొట్టు. అనుభవం 1, బంగారం చిల్లరంత. మళ్లీ నడువు, మళ్లీ కొట్టు. రాజిచ్చిన 120 బంగారం చిల్లర సామాన్లకే ఖతం. రాగి కత్తి 180. హిసాబ్ మీరే వేసుకోండి, ఎన్ని స్లైములో! ఆఖరికి మెట్లు దిగాలన్నా లిస్టు తెరిచి 'మెట్లు' అని హుకుం ఇవ్వాలె. చస్తే సగం బంగారం గాయబ్.

సబర్ నేర్పుతుందట! తాండూరులో మా చాచా నాపరాళ్లకు పాలిష్ పడతాడు. రోజంతా అదే పని. కానీ సాయంత్రానికి బండ నునుపైతది, ఇంటికి కూలీ వస్తది. ఇక్కడ పెరిగేది ఒక్క నంబర్. పెరిగితే ఏమైతది? ఇంకో రంగు స్లైమ్.

ఇన్సాఫ్‌గా ఒక మాట. ఆనాటి జపాన్ కాట్రిడ్జ్‌లో జాగా 64 కిలోబైట్లే. తిప్పిందే తిప్పడం వాళ్ల మజ్బూరీ అనుకుందాం. మరి ఇవాళ మన బచ్చేల్ని ఫోన్లో అదే చక్కర్ తిప్పేవాళ్లకు ఏం మజ్బూరీ? పైగా చక్కర్ తప్పించడానికి పైసలడుగుతున్నరు!

17వ లెవెల్ దగ్గర వైరు పీకేసిన. "భాయ్‌జాన్, ఇంకో రెండు లెవెల్స్ ఆగు, మజా వస్తది" అంటున్నడు ఖాలా కొడుకు. ఆ మాట వాడు మూడో లెవెల్ నుంచీ అంటున్నడు.