కారులో దారి చెప్పే యంత్రం

పోయిన నెలలో మన సంఘ సభ్యురాలు ఒకరు మాకు ఉత్తరం వ్రాశారు. “మా యింట కొత్తగా కారు కొన్నాము. సెలవులలో పిల్లలను తీసుకొని మా పుట్టింటికి కారులోనే పోదామనుకొంటున్నాము. దారి చెప్పే జీపీఎస్ యంత్రం విడిగా కొనవలెనా? చేతిలోని సెల్ ఫోను చాలునా? దానిని నమ్మి రాత్రిపూట తెలియని దారిన పోవచ్చునా?” అని వారు అడిగారు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు సులువే. మూడవదానికి మాత్రం మేము చదివి నేర్చిన జవాబు కాదు, ఒక రాత్రి భయపడి నేర్చిన జవాబు ఉన్నది. కనుక ముందు ఆ సంగతి చెప్పి, పిమ్మట కొనుగోలు విషయానికి వస్తాము.

పోయిన వర్షాకాలంలో మా మేనమామగారి మనుమరాలి పెండ్లికి బరంపురం నుండి పర్లాకిమిడికి కారులో బయలుదేరాము. మా అబ్బాయి కారు నడుపుతున్నాడు. ప్రక్కన మేము, వెనుక మా యింటావిడ, 78 ఏండ్ల మా పిన్ని. ఇచ్ఛాపురం, పలాస మీదుగా పెద్ద రోడ్డున టెక్కలి వరకు ప్రయాణం హాయిగా సాగింది. అక్కడ వాన పట్టుకొన్నది, చీకటి పడింది. టెక్కలి దాటిన కొంతసేపటికి ఫోనులో మరొక దారి కనిపించింది. ఆ దారిని పోతే 18 నిమిషాలు కలిసివస్తాయట. ముహూర్తానికి ఆలస్యమవుతున్నదన్న తొందరలో మేమే “ఆ దారినే పోనీరా” అన్నాము.

వెనుకనుండి పిన్ని, “ఒరే బాబూ, వానాకాలంలో పెద్దరోడ్డు వదలకురా. ఆ లోపలి దారిని గెడ్డ దాటాలి” అన్నది. ఆమె పుట్టి పెరిగినది ఆ ప్రాంతమే. దానికి మేము ఏమన్నామో వ్రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది. “పిన్నీ, నీవు చెప్పేది నౌపడా చిన్న రైలు నాటి మాట. ఇది ఆకాశంనుండి చూచి చెబుతున్నది” అన్నాము. ఆమె మరి మాట్లాడలేదు.

నాలుగైదు మైళ్ళు పోయేసరికి రోడ్డు సన్నబడింది. ఫోనులో సిగ్నలు పోయింది. పటంలోని ఊళ్ళూ పొలాలూ మాయమై, తెల్లని పలక మీద ఒక నీలి గీత మాత్రం మిగిలింది. గొంతు మాత్రం “నేరుగా వెళ్ళండి” అంటూనే ఉన్నది. ఇంతలో ఎదురుగా ఎవరో టార్చిలైటు ఊపారు. అబ్బాయి బ్రేకు వేశాడు. గొడుగు పట్టుకొన్న ఒక రైతు దగ్గరకు వచ్చి, “బాబూ, ఇటు ఎల్లకండి. సప్టా మీంచి నీరు పోతంది” అన్నాడు. దిగి చూస్తే వంద గజాల దూరంలో రోడ్డు లేదు. ఉన్నదంతా నల్లని నీటి చప్పుడు. వెనుకకు తిరిగి, పెద్దరోడ్డు పట్టుకొని, తలంబ్రాల వేళకు పెండ్లి పందిట్లోకి చేరుకొన్నాము. తెల్లవారినాక తెలిసింది, ఆ చప్టా ఒక ప్రక్కన తెగిపోయిందని. పిన్ని “చెప్పానా?” అని ఒక్క మాట అనలేదు. అంటే మా మనసుకు కొంచెం తేలికగా ఉండేది.

మేము అన్న “ఆకాశంనుండి చూచి చెబుతున్నది” అనే మాటలోనే తప్పంతా ఉన్నది. జీపీఎస్ ఉపగ్రహాలు మనలను చూడవు. మన రోడ్డునూ చూడవు. అమెరికా వారు ఈ పద్ధతిలో మొదటి ఉపగ్రహాన్ని 1978లో పంపారు. 1995 నాటికి ఏర్పాటు పూర్తి అయింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఆ ఉపగ్రహాలు చేసే పని ఒక్కటే: తాము ఎక్కడ ఉన్నామో, తమ గడియారంలో గంట ఎంతయిందో రేడియోలో చెబుతూ ఉండడం. ఆ మాట మన యంత్రానికి చేరడానికి ఎంత సమయం పట్టిందో లెక్క కట్టి, ఒక్కొక్క ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో యంత్రం తెలుసుకొంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వింటేగాని మన చోటు తేలదు. రేడియో తరంగం సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, గడియారంలో సెకనులో పదిలక్షవ వంతు తేడా వస్తే లెక్కలో 300 మీటర్ల తేడా వస్తుంది. అందుకే ఉపగ్రహాలలో అణు గడియారాలు పెట్టారు. మన దేశం కూడా నావిక్ అనే పేరుతో సొంత ఏర్పాటు మొదలుపెట్టి, అందులో మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న మన శ్రీహరికోటనుండే పంపింది.

ఇంత చేసి ఉపగ్రహం చెప్పేది “నీవు ఇక్కడ ఉన్నావు” అన్న ఒక్క మాటే. ఆ మాట చాలవరకు నిజం. ఆకాశం విశాలంగా కనబడే చోట తేడా కొద్ది మీటర్లకు మించదు. కాని “ఇక్కడ రోడ్డు ఉన్నది, దాని మీద వంతెన ఉన్నది” అన్నది ఉపగ్రహం చెప్పే మాట కాదు. అది పటం చెప్పే మాట. పటాన్ని ఎప్పుడో ఎవరో తయారుచేశారు. రాత్రి వచ్చిన వరద అందులో ఉండదు. ఇక ఏ దారిలో రద్దీ ఉన్నదో ఆ దారిన పోయేవారి ఫోనుల కదలికను బట్టి లెక్క కడతారు. ఎవరూ పోని దారిలో రద్దీ ఎక్కడిది? దారి తెగిపోయి జనం మానుకొన్న రోడ్డు కూడా యంత్రానికి ఖాళీగా, హాయిగా కనిపించవచ్చు.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. 2023 అక్టోబరులో కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో కుండపోత వానలో రాత్రివేళ కారు పెరియార్ నదిలో పడి ఇద్దరు యువ వైద్యులు మరణించారు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో, వరదకు కొంత భాగం కొట్టుకుపోయిన వంతెన మీదికి ఎక్కిన కారు రామగంగలో పడి ముగ్గురు మరణించారు. ఈ రెండు కార్లూ ఫోను చూపిన దారిని పోతున్నవేనని వార్తలు వచ్చాయి. తెగిన వంతెనకు అడ్డు కట్టకపోవడం పెద్ద తప్పే. కాని ఆ తప్పు ఎవరిదో తేలేలోగా పోయేవి మన ప్రాణాలు.

ఇక యేది కొనవలెనన్న సంగతి. మూడు మార్గాలున్నాయి. మొదటిది చేతిలోని ఫోను. పట్టణాలలో తిరిగేవారికి, ఎప్పుడో ఒకసారి ఊరికి పోయేవారికి ఇది చాలును. రద్దీ తెలుస్తుంది, పటం ఎప్పటికప్పుడు మారుతుంది, తెలుగులోనే దారి చెప్పించుకోవచ్చు. రెండవది విడిగా దొరికే జీపీఎస్ యంత్రం. పటమంతా దాని కడుపులోనే ఉంటుంది గనుక సిగ్నలు లేని కొండదారులలో కూడా బొమ్మ చెరగదు. నడుమ ఫోను వచ్చి దారి ఆగిపోదు. కాని పటాన్ని అప్పుడప్పుడు కొత్తది చేసుకోకపోతే పాత పంచాంగంతో సమానం. కొనేటప్పుడు మన దేశపు పటం అందులో ఉన్నదా, కొత్త పటాలకు ఏటా డబ్బు కట్టవలెనా, ఎండలో తెర కనబడుతుందా అని దుకాణంలోనే అడిగి చూచుకోవలెను. మూడవది కారుతోపాటే వచ్చే తెర. చాలా కార్లలో ఫోనులోని పటాన్ని ఆ పెద్ద తెర మీదికి తెచ్చుకోవచ్చు. ఆ సౌకర్యం ఉన్నవారు వేరే యంత్రం కొనడం దండుగ. మాకు వ్రాసిన సోదరికి మా సలహా: ఫోనుతోనే మొదలుపెట్టండి. దానికి ఒక గట్టి పట్టు, కారులో పెట్టే మంచి ఛార్జరు కొనండి. తరచుగా అడవిదారులలో పోయే ఉద్యోగమైతే అప్పుడు విడి యంత్రం సంగతి ఆలోచించవచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. ఉపగ్రహాల మాట వినడానికి ఫోనుకు సిగ్నలు అక్కరలేదు; పటం తెచ్చుకోవడానికే కావలెను. కాబట్టి బయలుదేరే ముందు ఇంటి దగ్గరే, పోవలసిన ప్రాంతపు పటాన్ని ఫోనులో దింపి దాచుకోవలెను. ఈ పని మేము చేసి ఉంటే ఆ రాత్రి తెల్లని పలకను చూస్తూ కూర్చోవలసిన గతి పట్టేది కాదు. అప్పుడైనా చప్టా మీది నీరు కనబడేది కాదనుకోండి.

ఊరి పేరు చెప్పేటప్పుడు జాగ్రత్త. మన బరంపురం వంటి పేరుతోనే పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాదు జిల్లాలో బహరంపూర్ ఉన్నది. యానాం చిరునామాలో పుదుచ్చేరి అని ఉంటుంది. కాని యానాం ఉన్నది గోదావరి ఒడ్డున, పుదుచ్చేరి పట్టణం వందల కిలోమీటర్ల దూరాన. రామాపురాలు, కొత్తపల్లెలు ఎన్ని జిల్లాలలో ఉన్నాయో లెక్కలేదు. పేరు వ్రాయగానే బయలుదేరక, దూరం ఎంత చూపుతున్నదో, దారిలో వచ్చే ఊళ్ళు మనకు తెలిసినవేనా అని చూడవలెను. అన్నిటికన్న మేలు, పిలిచినవారినే తమ యింటి గుర్తును ఫోనుకు పంపమనడం. అక్షాంశ రేఖాంశాల అంకెలు పంపినా సరే. దశాంశ బిందువు తరువాత నాలుగు అంకెలుంటే సుమారు పది మీటర్లలో ఇల్లు దొరుకుతుంది.

యంత్రంలో కారు గుర్తు పెట్టారా, మోటారు సైకిలు గుర్తు పెట్టారా అని కూడా చూడండి. రెండవది ఉంటే సందులలోకి దింపుతుంది. కోనసీమ వైపు పోయేవారు దారి నడుమ పంటు దాటవలసి ఉన్నదేమో ముందే చూచుకోవలెను. పంటు వద్దంటే వద్దని యంత్రానికి చెప్పే వీలున్నది. అన్నిటికన్న దగ్గర దారి, అన్నిటికన్న తొందర దారి అనే ఆశ చూపినప్పుడు, అందులో పెద్దరోడ్డు ఎంత, పల్లెదారి ఎంత అని ఒక్క క్షణం చూడండి. రాత్రివేళ, వానవేళ 18 నిమిషాల లాభం లాభం కాదు.

ఫోనును చేత పట్టుకొని చూస్తూ కారు నడపరాదు. 2020 అక్టోబరు 1నుండి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, కారు నడిపేవారు చేతి ఫోనును దారి చూచుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరని విధంగానే వాడవలెను. కనుక పట్టును రోడ్డుకు అడ్డురాని చోట, ప్రమాదంలో గాలిసంచి విచ్చుకొనే చోటును తప్పించి, క్రిందుగా బిగించండి. గొంతు వినండి, తెరను ప్రక్కన కూర్చున్నవారు చూడనివ్వండి. దారి మార్చవలసివస్తే కారు ఆపి మార్చండి. ఎండలో నిలిపిన కారులో ఫోను వదలకండి. కారు దారిలో చెడిపోతే జాతీయ రహదారి మీద 1033కు, మరే ఆపదకైనా 112కు ఫోను చేయవచ్చు. అప్పుడు మీరున్న చోటు అంకెలను చదివి చెబితే వచ్చేవారు వెదుక్కోనక్కరలేదు. దారి చెప్పడంకన్న ఇదే ఈ యంత్రం చేసే గొప్ప ఉపకారమని మా అభిప్రాయం.

చివరకు మూడవ ప్రశ్న: నమ్మవచ్చునా? మీరు ఎక్కడ ఉన్నారన్నది నమ్మండి. ముందు ఏమున్నదన్నది మీ కళ్ళతో చూడండి. చీకట్లో నీరు కనబడితే ఆగండి. పల్లెలో దీపం కనబడితే అద్దం దింపి, “బాబూ, ఈ దారి బాగున్నదా?” అని అడగండి. ఆ ప్రశ్నకు డబ్బు అక్కరలేదు, సిగ్నలు అక్కరలేదు.

మొన్న విజయదశమికి మళ్ళీ అటువైపే బయలుదేరాము. ఫోనులో పటం దింపుకొన్నాము, ఛార్జరు తగిలించాము. ఈసారి పిన్నిని ముందు సీటులో కూర్చోబెట్టాము. టెక్కలి దాటగానే యంత్రం మళ్ళీ ఏదో దగ్గర దారి చూపింది. అబ్బాయి ఆమె వైపు తిరిగి, “ఏమంటావు, మామ్మా?” అన్నాడు. “గొంతు బాగానే ఉన్నదిరా, ఆ అమ్మాయిది. కాని వానలో ఈ దారి నడిచినట్లు లేదు” అన్నది పిన్ని. పెద్దరోడ్డునే పోయాము.