తన సంతాప వార్త తానే రాసుకుంటే

తొమ్మిదో తరగతి పిల్లలతో ఎవరి సంతాప వార్త వారితోనే రాయిద్దామని తెలుగు టీచర్ అంటే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ‘అశుభం’. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారాయె. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. అయినా ఏడాదికి ఒక్కసారైనా ఈ రాత రాయించాలనే అంటాను.

ఆలోచన పాతదే. అచ్చుపని చేసే బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1728లో, ఇరవై రెండేళ్ల వయసులో, తనను చిరిగిన పాత పుస్తకం అట్టతో పోల్చుకుని సమాధి ఫలకం రాసుకున్నాడు. ఖుష్వంత్ సింగ్ కుర్రతనంలోనే తాను పోయినట్టు ఊహించి ఒక కథ రాశారు. తర్వాత దశాబ్దాల పాటు హాయిగా బతికి 2014లో పోయారు. తథాస్తు దేవతలు ఆయన జోలికి రాలేదు!

సర్ఖని, కిన్వట్, మాహుర్ వైపు పెరిగే మన పిల్లలు చావు వార్తను చదివేది మరాఠీలో. చౌరస్తాలో ఫ్లెక్సీ మీద ‘భావపూర్ణ్ శ్రద్ధాంజలి’, ఇంట్లో ‘తాత పోయిండు’. ఈ రెండింటి నడుమ ఒక మనిషి బతుకును నాలుగు తెలుగు వాక్యాల్లో చెప్పే అలవాటు వాళ్లకు ఎక్కడా దొరకదు. ‘తిన్నవా, రా, పో’ దగ్గర ఆగిన తెలుగు ఇక్కడ చాలదు. ‘కన్నుమూశారు’, ‘కాలం చేశారు’ లాంటి మాటలు కావాలి, వరసలు కావాలి, మన్నన కావాలి. తన గురించి తానే ‘ఆమె’ అని, ‘వారు’ అని రాయాల్సి వచ్చేసరికి పిల్ల కలం ఆపి ఆలోచిస్తుంది.

ముందు తాతల మీద సాధన చేయిస్తే మేలు. మొదటి వాక్యమే పాఠమవుతుంది. కిన్వట్ తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోది. ఆ నవంబరులో నాందేడ్ జిల్లాతో కలిసి బొంబాయి రాష్ట్రానికి పోయింది, 1960 మే 1న మహారాష్ట్ర అయింది. అంతకు ముందు అక్కడ పుట్టిన తాతను గురించి ‘ఆదిలాబాద్ జిల్లాలో పుట్టి, నాందేడ్ జిల్లాలో కన్నుమూశారు’ అని రాయాలి. ఇల్లు మాత్రం జానెడు కదల్లేదు. ఈ సంగతి ఎంతమంది పిల్లలకు తెలుసు?

కాళోజీనీ తరగతిలో చెప్పుకోవచ్చు. తండ్రి మరాఠీ, తల్లి కన్నడ, ఆయన మాత్రం తెలుగు కవి. 2002లో పోయినప్పుడు దేహాన్ని వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీకి అప్పగించారు. మన సంతాప వార్తలో చివరి వాక్యం ఏమై ఉండాలో పిల్లలతో మాట్లాడటానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తోచలేదు.

అయితే ఒక విషయంలో టీచర్లు గట్టిగా ఉండాలి. మరాఠ్వాడాలో రైతు ఆత్మహత్యలు చూసిన ఇళ్లు తక్కువేమీ కాదు. నిరుడే తండ్రి పోయిన పిల్లవాడితో ‘నీ చావు రాయి’ అనడం క్రూరత్వం. అందుకే ‘తొంభై ఐదేళ్లు నిండాక’ అని షరతు పెట్టండి. ఎలా పోయారన్నది అసలు రాయించకండి, ఎలా బతికారన్నదే రాయించండి. ఇష్టం లేనివాళ్లు ఇంటి ఎద్దు గురించో, కూలిన వేపచెట్టు గురించో రాసుకోనివ్వండి. మార్కులు వద్దు, అందరి ముందు చదివించడం వద్దు. ఏ కాగితంలోనైనా నిజమైన బాధ కనిపిస్తే దాన్ని వ్యాసంగా దిద్దకండి. ఆ రోజే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి, ఇంటి పెద్దలకు చెప్పండి.

ఇక తల్లిదండ్రులకు. ఆ సాయంత్రం పిల్లలు కాగితం పట్టుకుని వస్తారు. తాత ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ పని చేశారు, నిజాం కాలపు ఉర్దూ బడికి వెళ్లారా, అసలు బడి ముఖమే చూడలేదా అని అడుగుతారు. టీవీ కట్టేసి తెలుగులో చెప్పండి. మధ్యలో మరాఠీ మాటలు దొర్లితే దొర్లనివ్వండి.