అమ్మ చేసుకోబోయే ఆయన నిజంగా డాక్టరేనా?

‘అన్నా, నాన్న పోయి ఐదేళ్లయింది. అమ్మ గవర్నమెంట్ టీచర్. ఇప్పుడు మళ్లీ పెళ్లి చేసుకుందామనుకుంటోంది. ఆయన డాక్టర్నని చెప్పుకుంటాడు. ఎంబీబీఎస్ ఏ బ్యాచ్ అంకుల్ అని అడిగితే ఒకసారి ఒక సంవత్సరం, ఇంకోసారి ఇంకోటి చెప్పాడు. అమ్మకు చెబితే తన సంతోషం చెడగొట్టినదాన్నవుతానేమో. చెప్పకపోతే రేపు ఏమవుతుందోనని భయం. ఎలా కనుక్కోవాలి?’

బీటెక్ ఫైనలియర్ అమ్మాయి ఒకరు పంపిన మెసేజ్ ఇది. కెరీర్ పేజీలో ఇంటి గొడవలు ఎందుకని అనిపించొచ్చు. కానీ ఇంకో ఆరు నెలల్లో మీరు చేరబోయే కంపెనీ మీ సర్టిఫికెట్ల మీద చేసేది కూడా ఇదే పని. ఒక మనిషి చెప్పిన చదువు, చెప్పిన ఉద్యోగం నిజమో కాదో చూడటం. దాన్ని వాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటారు. మీ అనుమతి తీసుకుని, పద్ధతి ప్రకారం చేస్తారు. ఇంట్లో కూడా అలాగే చేయొచ్చు, చేయాలి అన్నది నా అభిప్రాయం. అయితే పరీక్షించాల్సింది ఆయన చెప్పిన మాటను, మనిషిని కాదు. ఈ తేడా తెలియకపోతే మనం వెరిఫికేషన్ చేయం, నిఘా పెడతాం.

అనుమానమా, అయిష్టమా?

ముందు ఒక కాగితం తీసుకోండి. ఆయన ఏం చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు, అందులో ఏది దేనితో కుదరడం లేదు, ఇవి మాత్రమే రాయండి. ఇంగ్లిష్ సరిగా రాదు, డాక్టరైతే కారు ఉండాలి కదా, లింక్డ్‌ఇన్‌లో లేడు... ఇలాంటివి ఆధారాలు కావు. నాన్న కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం ఏ పిల్లలకైనా కష్టమే. ఆ బాధ నిజమైనదే, కానీ అది రుజువు కాదు.

చదివిన సంవత్సరం మారుతూ ఉండటం, పనిచేసే చోటు ఎక్కడో ఎప్పుడూ తేల్చకపోవడం, ‘ఒక సర్టిఫికెట్ చూపిస్తారా’ అంటే కోపం రావడం, అన్నిటికంటే ముఖ్యంగా పెళ్లికి ముందే డబ్బు ప్రస్తావన రావడం... ఇవి రాసుకోవాల్సినవి. కాగితం మీద రెండు మూడు గట్టి విషయాలు కూడా లేకపోతే అక్కడితో ఆగిపోవచ్చు. ఆ వయసులో అమ్మ ఒక తోడు కోరుకోవడమే మన ఊళ్లలో పెద్ద సాహసం. చుట్టాలు అనే మాటలు ఎలాగూ అంటారు. ఆధారం లేని అనుమానంతో కన్నబిడ్డ కూడా వాళ్లతో చేరితే ఆమెకు ఇక ఎవరూ మిగలరు.

అడగకపోతే ఏమవుతుంది?

గట్టి కారణం ఉన్నప్పుడు మొహమాటంతో ఊరుకోవడం కూడా తప్పే. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ క్లాడ్ రొమాండ్ కేసు దీనికి పెద్ద ఉదాహరణ. మెడిసిన్ రెండో ఏడాది పరీక్షకు వెళ్లకుండానే పాసయ్యానని ఇంట్లో చెప్పాడు. ఆ తర్వాత డాక్టర్నని, జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థలో పరిశోధకుడినని అందరినీ నమ్మించాడు. ఆ నాటకం దాదాపు 18 ఏళ్లు నడిచింది. జీతం లేదు కాబట్టి, స్విట్జర్లాండ్‌లో పెట్టుబడి పెడతానని కన్నవాళ్ల దగ్గర, అత్తమామల దగ్గర, బంధువుల దగ్గర డబ్బు తీసుకుని బతికాడు. బయటపడే రోజు దగ్గరకొచ్చాక 1993 జనవరిలో భార్యను, ఇద్దరు పిల్లలను, తల్లిదండ్రులను చంపేశాడు.

అబద్ధం చెప్పే ప్రతివాడూ హంతకుడవుతాడని కాదు. ఇందులో మనం చూడాల్సింది వేరే ఉంది. సంస్థకు ఒక ఫోన్ చేస్తే తెలిసిపోయే విషయం అన్నేళ్లు దాగింది. చదువుకున్నవాళ్లు, ప్రేమించినవాళ్లు, డబ్బు ఇచ్చినవాళ్లు చుట్టూ ఉన్నా బయటపడలేదు. ఇంటి మనిషిని అలా అడుగుతామా అనే మొహమాటమే అతడికి రక్షణ.

ఎక్కడ చూడాలి?

మంచి విషయం ఏమిటంటే, లైసెన్స్ కావాల్సిన వృత్తులకు మన దేశంలో పబ్లిక్ రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

డాక్టర్ అంటే నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, రాష్ట్ర కౌన్సిల్‌తో వెతకొచ్చు. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం డాక్టర్ తన రిజిస్ట్రేషన్ నంబర్‌ను క్లినిక్‌లో ప్రదర్శించాలి, ప్రిస్క్రిప్షన్ మీద రాయాలి. కాబట్టి ‘మీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అంకుల్?’ అని అడగడం అవమానమేమీ కాదు, అది ఆయన రోజూ రాసే నంబరే.

చార్టర్డ్ అకౌంటెంట్ అయితే ఐసీఏఐలో మెంబర్‌షిప్ నంబర్ ఉంటుంది. సీఏ ఇచ్చే సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ అనే 18 అంకెలు, అక్షరాల గుర్తింపు ఉంటుంది, దాన్ని ఆన్‌లైన్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. లాయర్ అంటే ఎల్ఎల్‌బీ చదివితే చాలదు, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి ఉండాలి. ‘మీ డబ్బు నేను ఇన్వెస్ట్ చేస్తా’ అనే సలహాదారు సెబీలో రిజిస్టర్ అయి ఉండాలి, ఆ నంబర్ ఐఎన్ఏ అనే అక్షరాలతో మొదలవుతుంది. రియల్ ఎస్టేట్ ఏజెంట్ పేరు రెరాలో ఉంటుంది. ఐఏఎస్ అధికారినంటే కేంద్ర సిబ్బంది శాఖ సివిల్ లిస్టు ఆన్‌లైన్‌లో ఉంది. కంపెనీ డైరెక్టర్‌నంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఆ కంపెనీ ఎప్పుడు పెట్టారో, ఇంకా నడుస్తోందో లేదో, డైరెక్టర్లు ఎవరో తెలుస్తుంది. డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ పేరే వింతగా ఉంటే యూజీసీ ప్రకటించే ఫేక్ యూనివర్సిటీల జాబితా చూడండి.

ఇక ఇంజినీర్, కన్సల్టెంట్, సైంటిస్ట్, హెచ్ఆర్ హెడ్, లైఫ్ కోచ్ లాంటి మాటలకు ఇలాంటి రిజిస్టర్ ఏదీ ఉండదు. అక్కడ డిగ్రీ సర్టిఫికెట్, ఆఫీసు, తోటి ఉద్యోగులే ఆధారం.

పేరు దొరక్కపోతే?

ఇక్కడే చాలామంది తొందరపడతారు. రిజిస్టర్‌లో పేరు కనిపించలేదంటే దొంగ అని అర్థం కాదు. మన తెలుగువాళ్ల పేర్ల సంగతి తెలిసిందే. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట ఇనీషియల్ మాత్రమే, మరోచోట ఇంటిపేరు చివర. ‘లక్ష్మి’ని ఇంగ్లిష్‌లో మూడు రకాలుగా రాస్తాం. పాత రికార్డులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ పేరు మీద ఉండొచ్చు. బీఏఎంఎస్, బీహెచ్ఎంఎస్, బీడీఎస్ చదివినవాళ్లకు వేరే రిజిస్టర్లు ఉన్నాయి. పీహెచ్‌డీ చేసినవాళ్లు కూడా పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకుంటారు, అది వాళ్ల హక్కు. ఆయన హోమియో డాక్టరై ఉండి, పెళ్లి పెద్దలు ‘డాక్టర్’ అని మాత్రమే చెప్పి ఉండొచ్చు.

అందుకే వెతుకులాటలో తేలింది తీర్పు కాదు. అది అడగాల్సిన తర్వాతి ప్రశ్న మాత్రమే. అన్ని స్పెల్లింగ్‌లతో వెతికి, నంబర్ అడిగి, రాష్ట్ర కౌన్సిల్‌కు రాసి, అప్పటికీ ఏమీ దొరక్కపోతేనే అనుమానానికి బలం వస్తుంది.

చేయకూడనివి

టెక్నాలజీ తెలిసినవాళ్లం కదా, చేతులు ఊరుకోవు. ఆయన ఫోన్ తీసి ఓటీపీతో ఈపీఎఫ్‌ఓ ఖాతా తెరిస్తే ఉద్యోగ చరిత్ర మొత్తం కనిపిస్తుంది నిజమే. కానీ ఇంకొకరి పాస్‌వర్డ్ మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం సెక్షన్ 66సీ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. హెచ్ఆర్‌లో ఉన్న ఫ్రెండ్‌ను అడిగి కంపెనీ డేటా తీయించొద్దు, అతడి ఉద్యోగం పోతుంది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ‘ఈయన ఫేక్ డాక్టర్’ అని పెడితే పరువు నష్టం కేసు మీ మీదికి వస్తుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల ముందు మీకు అవసరమా?

దొరికింది ముందుగా అమ్మకే చెప్పాలి. పెదనాన్నకు, మేనమామకు కాదు. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, కోపం లేకుండా చెప్పాలి. ‘అమ్మా, ఆయన మోసగాడు’ అనొద్దు. ‘అమ్మా, రిజిస్టర్‌లో ఆయన పేరు నాకు దొరకలేదు. నేను సరిగా వెతకలేదేమో. నువ్వే ఒకసారి నంబర్ అడుగుతావా? మన కాగితాలు కూడా ఆయనకు చూపిద్దాం’ అనొచ్చు. రెండువైపులా కాగితాలు మార్చుకుంటే అది విచారణలా ఉండదు. నిజంగా చదివినవాడైతే నవ్వి, తీసి చూపిస్తాడు. చట్టం కూడా ఆమెకు చెప్పి ఉంచండి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 ప్రకారం, ముఖ్యమైన విషయంలో మోసం చేసి ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని కోర్టును కోరవచ్చు. అయితే మోసం తెలిసిన ఏడాదిలోపే వెళ్లాలి, తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కలిసి ఉంటే ఆ అవకాశం పోతుంది.

అబద్ధమని తేలితే?

అన్ని అబద్ధాలూ ఒకటి కాదు. సూపర్‌వైజర్‌ను మేనేజర్ అని చెప్పుకోవడం గొప్పలకు పోవడం. అది తెలిసి కూడా ‘పర్లేదు, మనిషి మంచివాడు’ అని అమ్మ అనుకుంటే ఆ నిర్ణయం ఆమెది. ఆమెకు ఓటు హక్కు ఉంది, ఉద్యోగం ఉంది, మిమ్మల్ని పెంచిన తెలివి ఉంది. మీరు ఒకసారి స్పష్టంగా చెప్పాక మళ్లీ మళ్లీ పోరు పెట్టకండి.

కానీ మూడుచోట్ల మాత్రం రాజీ పడొద్దు. ఒకటి, ప్రాణం. లైసెన్స్ లేకుండా వైద్యం చేయడం నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం, 2019 సెక్షన్ 34 ప్రకారం నేరం. ఏడాది వరకు జైలు లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదంటే రెండూ. అలాంటివాడు ఊళ్లో ఇంజెక్షన్లు వేస్తుంటే అది ఇంటి విషయం కాదు, మెడికల్ కౌన్సిల్‌కు చెప్పాల్సిన విషయం. రెండు, డబ్బు. నాన్న ఇన్సూరెన్స్, అమ్మ పీఎఫ్, ఇంటి కాగితాలు ఎవరి ‘బిజినెస్’లోకీ వెళ్లకుండా చూడాలి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మూడు, మీ ఉద్యోగం. ‘నేను ఎంఎన్‌సీలో హెచ్ఆర్ హెడ్‌ని, మూడు లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తా’ అని ఇంట్లో మనిషే అన్నా సరే, కట్టొద్దు. ఉద్యోగం వెతుక్కునే పిల్లలున్న ఇల్లు ఇలాంటివాళ్లకు సులువైన లక్ష్యం. అమ్మను ఒప్పించడానికి మీ ఆశే వాళ్లకు దారి అవుతుంది.

మరి పని బాగా చేసేవాడైతే డిగ్రీ అబద్ధం చెప్పినా ఏంటట? ఈ ప్రశ్న రెజ్యూమేలో రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ‘పెట్టించుకుందాం’ అనుకునే ఫ్రెండ్స్ నుంచి కూడా వింటుంటాను. అమెరికాలోని ఎంఐటీలో మారిలీ జోన్స్ 1979లో చేరి అడ్మిషన్ల డీన్ దాకా ఎదిగారు. విద్యార్థుల మీద ఒత్తిడి తగ్గించాలని చెప్పినందుకు మంచి పేరు తెచ్చుకున్నారు. లేని డిగ్రీలు ఉన్నట్టు చెప్పుకున్నారని బయటపడి 2007లో రాజీనామా చేయాల్సి వచ్చింది. పని బాగా చేసిన 28 ఏళ్లు కూడా ఆ అబద్ధాన్ని కడగలేకపోయాయి.

మన దగ్గర కూడా ఇప్పుడు డిగ్రీలు డిజిలాకర్‌లోకి వస్తున్నాయి, గత ఉద్యోగాల వివరాలు యూఏఎన్‌లో కనిపిస్తాయి. ఇంటికొచ్చే కొత్త మనిషిని ‘ఒకసారి చూపిస్తారా’ అని అడిగే హక్కు మనకు ఉండాలంటే, అదే మాట ఇంటర్వ్యూలో మనల్ని అడిగినప్పుడు తడబడకుండా ఫైలు తెరవగలగాలి. ఈ వారం మీ రెజ్యూమే తీసి, ప్రతి లైను పక్కన దాన్ని రుజువు చేసే కాగితం పేరు రాయండి. కాగితం లేని లైను ఏదైనా ఉంటే, అప్లికేషన్ పంపే ముందే కొట్టేయండి.