పాట మీదైతేనే రాబడి మీది

కదిరి చుట్టుపక్కల పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే డీజే కుర్రాళ్లకు తీరిక ఉండదు. మూఢం వస్తే పని ఉండదు. రాత్రంతా జనాన్ని ఆడించినా చేతికొచ్చేది ఆ రాత్రి కూలి మాత్రమే. పాట ఇంకొకరిది కాబట్టి, రాబడీ వాళ్లకే పోతుంది. ఈ లెక్కను నలభై ఏళ్ల కిందట తిరగేసిన డీజే ఒకాయన ఉన్నాడు.

ఆయన పేరు హువాన్ ఆట్కిన్స్, ఊరు అమెరికాలోని డెట్రాయిట్. అప్పట్లో అక్కడ కార్ల ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు ఊడిపోతున్నాయి. ఈయనేమో ఎగిరే పళ్లేలు, రోబోలు, ఆల్విన్ టాఫ్లర్ రాసిన 'ది థర్డ్ వేవ్' పుస్తకం అంటూ తిరిగేవాడు. తిక్క మనిషే, కాదనం. కమ్యూనిటీ కాలేజీలో పరిచయమైన రిక్ డేవిస్‌తో కలిసి సైబోట్రాన్ పేరుతో 1981లో తొలి రికార్డు తెచ్చాడు, అదీ సొంత లేబుల్ మీదే. తర్వాత వాళ్లను ఫాంటసీ అనే కంపెనీ తీసుకుంది. కానీ డేవిస్ రాక్ సంగీతం వైపు మొగ్గాడు, ఆట్కిన్స్ మెషీన్లను వదలనన్నాడు. విడిపోయి 1985లో మెట్రోప్లెక్స్ అనే లేబుల్ పెట్టి, మోడల్ 500 అనే మారుపేరుతో 'నో యూఎఫ్ఓస్' విడుదల చేశాడు. స్కూలు స్నేహితులు డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ కూడా ఆ తర్వాత ఎవరి లేబుల్ వాళ్లు పెట్టుకున్నారు. 1988లో బ్రిటన్‌లో వీళ్ల పాటల సంకలనం వచ్చాక ఆ సంగీతానికి 'టెక్నో' పేరు స్థిరపడింది.

లేబుల్ అంటే ఏమిటో కదిరి వాళ్లకు వేరే చెప్పాలా? ఇక్కడి పరిశోధన కేంద్రం ఇచ్చిన వేరుశనగ విత్తనాన్ని రైతులు 'కదిరి-6', 'కదిరి లేపాక్షి' అని పేరు పెట్టి మరీ అడుగుతారు. ఆ పేరే నమ్మకం. పాటల లేబులూ అంతే. మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు దాన్ని తయారు చేయించిన నిర్మాతది, విడుదల నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో సినిమా పాటల స్వరకర్తకు, రచయితకు కూడా రాయల్టీలో సమాన వాటా దక్కింది. అనుమతి లేకుండా సినిమా పాటను రీమిక్స్ చేస్తే మాత్రం ఇవేవీ మీకు రావు. ఎంత హిట్టయినా సరే!

ఇంట్లో నాన్న ఒప్పుకోవాలి కదా అంటారా? న్యాయమైన మాటే. స్వతంత్ర లేబుల్ మొదటి ఏడాదే జీతం ఇస్తుందని చెప్పేవాళ్లను నమ్మకండి. బెంగళూరులో ఉద్యోగం దొరికితే చేరండి, వారాంతాల్లో బీట్లు కట్టండి. ఇప్పుడు ప్లాస్టిక్ రికార్డులు ముద్రించే ఖర్చు లేదు. ఒక ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్లు, పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఖాతా ఉంటే మొదలుపెట్టొచ్చు. ఉరుముల, పలకల దరువులు మన జిల్లాలోనే ఉన్నాయి. వాయించేవాళ్లకు డబ్బిచ్చి, పేరు వేసి రికార్డు చేసుకోండి, ఫోన్లో దొంగచాటుగా కాదు.

స్నేహితులతో కలిసి చేస్తుంటే ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసి, అందరూ సంతకం పెట్టాకే అప్‌లోడ్ నొక్కండి. పాట పేలాక ఆ కాగితం రాయడం చాలా కష్టం.