కథయు, ప్రసాదమును

అన్నవరమున సత్యనారాయణ వ్రతము చేయువారికి కథాశ్రవణము, ప్రసాదస్వీకారము రెండును విధులే. ఒకటి విడిచినచో వ్రతము పూర్తి కాదు. మొగల్తూరులో 2022 సెప్టెంబరు 29న జరిగిన కృష్ణంరాజుగారి సంస్మరణసభను తలచినపుడెల్ల మాకీ విధి జ్ఞప్తికి వచ్చును.

ఆ నెల 11న, 82 ఏండ్ల వయస్సున, ఆయన హైదరాబాదులో కన్నుమూసిరి. అన్నవరమువారికి ఆయన కేవలము వెండితెర వీరుడు కారు. 1998లో కాకినాడనుండి లోక్‌సభకు ఎన్నికైనవారు. సంస్మరణమునాడు స్వగ్రామమునకు అభిమానులు వేలకొలదిగా తరలివచ్చిరి. గోదావరిసీమ మర్యాద తప్పక, వారికి కడుపునిండ భోజనము పెట్టిరి. దుఃఖములో నున్న కుటుంబము అంతమందికి విస్తళ్ళు వేయుట సామాన్యమా! అయితే యువకులు పలువురు చూడవచ్చినది ఆయన తమ్ముని కుమారుడైన ప్రభాసును. అది తప్పని మేమనము. పెదనాన్నగారు నటించిన కథలను వారిలో నెందఱెఱుగుదురన్నదే మా ప్రశ్న.

1966లో 'చిలకా గోరింకా'తో చిత్రసీమకు వచ్చిన ఈ నటుడు 1986లో తాండ్ర పాపారాయుడై బొబ్బిలి పౌరుషమును చూపెను. వానిని మించినది 1976లో బాపు తీసిన 'భక్త కన్నప్ప'. ధూర్జటి కావ్యములోని తిన్నడు, అక్షరము రానివారికి సైతము, ఆ నిండువిగ్రహమున, ఆ గంభీరకంఠమున ప్రత్యక్షమయ్యెను. నేటి విద్యార్థికి ఆ కావ్యమును దూరమే, ఆ చిత్రమును దూరమే. తెలుగు ఉపాధ్యాయులు ఒకనాటి పాఠముగా ధూర్జటి పద్యములను ముందు చదివి, తిన్నడు కన్ను పెకలించి శివునకిచ్చు ఘట్టమును పిమ్మట తెరపై చూపింపవలెను.